ఆనందం కొడుకు పరుగు

వసంతకుమార్ తన ఇంటి గుమ్మం నుంచే పరుగు మొదలుపెట్టిన మొదటి రోజు ఊరిని భయపెట్టాడు. నవంబరు నెల, ఇంకా తెల్లవారలేదు. బేతంచెర్లకు దగ్గరగా, నాపరాతి గనుల పక్కనే ఉన్న పల్లె వాళ్లది. ఊరికి దక్షిణాన చర్చి చుట్టూ ఉన్న పేటలో నుంచి, కొత్త బూట్లు తొడుక్కొని అతను ఉరుకుతూ రావడం చూసి, వాకిలి ఊడుస్తున్న గంగక్క చీపురు కింద పడేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎవురు పాయిరప్పా?” అని అడిగింది.

“ఎవురూ పోల్యా పెద్దమ్మా. ఊరికే ఉరుకుతాండా.”

“ఊరికే ఎవురన్నా ఉరుకుతారా?”

ఆమె నమ్మలేదు. ఆ పూట పని మానుకొని, ముసలివాళ్లున్న ఇళ్లన్నిటికీ పోయి అందరూ బాగున్నారో లేదో కనుక్కొని వచ్చింది.

ఆమెను తప్పు పట్టడానికి లేదు. ఒక తరం పాటు ఆ పేటలో నుంచి ఉరుకుతూ బయటికి వచ్చిన మనిషి ఒక్కడే. అతను వసంతకుమార్ తండ్రి ఆనందం. ఆనందం ఉరికాడంటే ఎక్కడో ఒక ప్రాణం పోయిందనో, పోబోతోందనో అర్థం.

ఫోన్లు లేని రోజుల్లో ఊళ్లో ఎవరికి చావుబతుకులైనా, పొరుగూళ్లలోని చుట్టాలకు కబురు అందించే పని ఆనందానిది. పని అంటే జీతం ఉన్న పని కాదు, వెట్టి. వాళ్ల నాయనా అదే చేశాడు, ఆయన నాయనా అదే చేశాడు. పెద్దల ఇళ్ల నుంచి పిలుపు వస్తే నోటి దగ్గరి ముద్ద వదిలేసి లేవాల్సిందే. ఎండ అనడానికి లేదు, జ్వరం అనడానికి లేదు. భుజం మీది తుండుగుడ్డ తీసి నడుముకు బిగించి బయలుదేరేవాడు. ఆ కట్టు చూడగానే పొలాల్లో వాళ్లు పని ఆపి, “ఆనందం పోతాండాడు, యా ఇంటికో” అనుకునేవాళ్లు. చేరిన చోట గడపకు దూరంగా నిలబడాలి. శేరు జొన్నలో, పాత పంచో పడేసేవాళ్లు. అతను వీధి మలుపు తిరగకముందే, అతను నిలబడిన చోట పేడనీళ్లు చల్లేవాళ్లు. పేరు ఆనందం, మోసుకొచ్చేది ఏడుపు అని చుట్టుపక్కల ఊళ్లన్నీ వేళాకోళం చేసేవి. ఆ మాటకు ఆనందం కూడా నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు?

ఆ వెట్టిని మాన్పింది చట్టాలు కావు, సెల్‌ఫోన్లు. గుట్ట మీద టవరు నిలబడిన రోజున ఊళ్లో మోకాళ్లూని దేవునికి స్తోత్రం చెప్పినవాడు ఆనందం ఒక్కడే. ఆయన మాత్రం ఇంతవరకూ ఫోను ముట్టుకోలేదు.

వసంతకుమార్‌కు నలభై నాలుగేళ్లు. పాలిష్ ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ మీద పని. రాతిపొడి కలిసిన తెల్లటి నీళ్లు మోకాళ్ల దాకా చిమ్ముతుంటే రోజంతా పలకలు కోస్తాడు. రెండేళ్ల కింద కర్నూల్లో డాక్టరు రక్తం పరీక్ష చేసి చక్కెర జబ్బు ఉందన్నాడు, నడవమన్నాడు. నడవమన్నది భర్తనైనా ఆ మాట పట్టుకున్నది భార్య జీవిత. రోజూ తెల్లవారకముందే దుప్పటి లాగేసి తరిమేది. అట్లా స్టేషన్ రోడ్డు మీద నడుస్తుండగా ప్రవీణ్‌తో పరిచయమైంది.

పరిచయం అనే మాట సరిపోదేమో. ప్రవీణ్ ఎవరో వసంతకుమార్‌కు ఎప్పటి నుంచో తెలుసు. ఊరి నడుమ రాతి మేడ ఉన్న సుబ్బయ్యకు ఒక్కగానొక్క కొడుకు. భూములున్నాయి, రెండు పాలిష్ ఫ్యాక్టరీలున్నాయి. ఆనందం ఎక్కువసార్లు ఉరికింది ఆ మేడ ముందు నుంచే. తెలిసిన మనిషే గాని, ఇద్దరూ పక్కపక్కన నడవడం అదే మొదలు. ప్రవీణ్ భార్య సుప్రజ ప్రభుత్వ బడిలో టీచరు, ఆమె కూడా నడకకు వచ్చేది. ఒక రోజు ప్రవీణ్, “వసంతన్నా, ఆ కరెంటు స్తంభం దాకా ఉరుకుదామా?” అన్నాడు. ఉరికారు. మరుసటి రోజు ఇంకో స్తంభం. ఏడాది తిరిగేసరికి మారథాన్ అనే పిచ్చి పట్టుకుంది. ఫిబ్రవరిలో కర్నూల్లో పందెం, నలభై రెండు కిలోమీటర్లు. మగవాళ్లిద్దరూ మొత్తం దూరానికి, సుప్రజ సగానికి పేర్లిచ్చారు. బ్యాంకులో పనిచేసే అరుణ్ కుమార్ కూడా చేరాడు. మోకాలు పట్టేసిందని రెండు వారాలకే మానేసి, అప్పటి నుంచి అందరికీ సలహాలు చెప్పే పనిలో స్థిరపడ్డాడు.

ఆ చలికాలం రోడ్డు మీద పరుగు కుదరలేదు. బండల లారీలు తెల్లవారుజామునే బయలుదేరతాయి, పొగమంచులో మనిషి కనబడడు. అందుకని ప్రవీణ్ పాతగనుల దారి పట్టాడు. రాయి అయిపోయి వదిలేసిన గనులవి. నీళ్లు నిలిచిన లోతైన గుంతలు, వాటి అంచున కాలిబాట, దారికి అడ్డంగా పనికిరాని బండముక్కల గుట్టలు. మోటారు సైకిలు కూడా పోదు. ఫోనుకు సిగ్నల్ ఉండదు, అందుకే ఫోన్లు ఇంట్లో పెట్టి వచ్చేవాళ్లు. వారానికోసారి చేసే పెద్ద పరుగును ప్రవీణ్ శనివారానికి పెట్టాడు. “ఆదివారం నువ్వు చర్చికి పోవల్ల గదన్నా” అన్నాడు. తన ఆదివారం సంగతి ఆ మేడలోని మనిషి గుర్తు పెట్టుకోవడం వసంతకుమార్‌కు ఎంత తృప్తినిచ్చిందో చెప్పలేం. ఆ రాత్రి జీవితకు ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

మాట్లాడుతూ ఉరకగలిగినంత వేగమే సరైన వేగమని ప్రవీణ్ ఎక్కడో చదివాడు. అందుకని మాట్లాడుకునేవాళ్లు. చక్కెర గురించి, పిల్లల చదువుల గురించి, తండ్రి ముందు ఇప్పటికీ నోరు పెగలని ప్రవీణ్ భయం గురించి. ప్రవీణ్ తల్లి తిరుపతమ్మ శనివారాలు కొడుకు కంటే ముందే లేచి, నిమ్మకాయ పిండి ఉప్పేసి రెండు సీసాల నీళ్లు కలిపి పంపేది. రెండోది వసంతకుమార్‌కు. మొదట్లో అతను ప్రవీణ్‌ను సార్ అనేవాడు. ప్రవీణ్ ఒప్పుకోలేదు. కొన్నాళ్లు ఏమీ పిలవకుండా నెట్టుకొచ్చి, చివరికి ప్రవీణప్పా అనే దగ్గర కుదిరాడు.

పందెం మీద వసంతకుమార్‌కు ఆశ లేదని కాదు. కాని అతను నిజంగా ప్రాణం పెట్టుకున్నది వేరే దాని మీద. గనుల దారిలో ఉన్నంతసేపు అతను ఆనందం కొడుకు కాడు, పక్కవాడు సుబ్బయ్య కొడుకు కాడు. చెమట పట్టిన ఇద్దరు మనుషులు, అంతే. ఊళ్లోకి అడుగు పెట్టగానే అది తరిగిపోయేది. ఎప్పుడో ఒక రోజు ఏదో ఒక మాటతో అది మొత్తంగా పోతుందని అతనికి లోపల భయంగా ఉండేది.

ఆనందానికి ఈ పరుగు నచ్చలేదు. ఎనభై దాటిన ముసలాయన, మోకాళ్లు అరిగిపోయి మంచానికే పరిమితమయ్యాడు. కొడుకు బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒక్కసారి మాత్రం అడిగాడు.

“ఉరికి ఉరికి యాడికి పోతావురా?”

“యాడికీ పోను నాయనా. పోయి మల్లా ఈడికే వస్తా.”

“పోయి ఎవురికి ఏం సెప్తావు?”

“ఎవురికీ ఏం సెప్పను.”

ముసలాయన మళ్లీ గోడవైపు తిరుగుతూ, “అట్లయితే మంచిదేలే” అన్నాడు.

అంతకు ముప్పై ఏళ్ల కిందటి మాట ఒకటి వాళ్లిద్దరి మధ్య ఉంది. వసంతకుమార్‌కు పన్నెండేళ్లప్పుడు ఒకసారి ఆనందం చలిజ్వరంతో వణుకుతూ పడుకొని ఉండగా మేడ నుంచి పిలుపు వచ్చింది. “నేను పోతా నాయనా, నీకంటే బిరీన ఉరుకుతా” అని పిల్లవాడు ఉత్సాహంగా లేచాడు. తండ్రి జ్వరంతోనే లేచి, కొడుకును చెంప మీద కొట్టి, తనే పోయాడు. మర్నాడు చర్చికి తీసుకపోయి బైబిలు మీద చెయ్యి పెట్టించాడు. జన్మలో ఎవరి చావు కబురూ మోయనని ఒట్టు వేయించుకున్నాడు. ఆ పేడనీళ్ల అవమానం కొడుక్కు వద్దనుకున్నాడని వసంతకుమార్ అర్థం చేసుకున్నాడు. పెద్దయ్యాక ఆ సంగతి గర్వంగా చెప్పుకునేవాడు.

జనవరిలో, పందెం ఇంకా కొన్ని వారాలుందనగా, అన్నిటికంటే పెద్ద పరుగు ఉన్న శనివారం వచ్చింది. వసంతకుమార్ పోలేకపోయాడు. ఫ్యాక్టరీలో ఒకతను రాకపోవడంతో రాత్రంతా మిషన్ మీద ఉండి, తెల్లవారాక ఇంటికి వచ్చి, తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. అప్పుడు సుబ్బయ్య ఇంట్లో పనిచేసే ఉరుకుందు మోటారు సైకిలు మీద వచ్చాడు.

“వసంతూ, తిరుపతమ్మ పాయప్పా.”

వసంతకుమార్ చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది.

చీకటితోనే ప్రవీణ్ బయలుదేరిపోయాడు. ఆ తర్వాత కాసేపటికి తిరుపతమ్మ నీళ్లు అడిగింది. సుప్రజ తెచ్చేలోపల ప్రాణం పోయింది. ప్రవీణ్ ఫోను మంచం మీదే మోగుతోంది. మోటారు సైకిళ్ల మీద పోయినవాళ్లు బండల గుట్టల దగ్గర దారి తెలియక వాపసు వచ్చారు. ఉరుకుందు ఇదంతా చెప్పి, ఊపిరి తీసుకొని, “పెద్దాయన నిన్ను పొమ్మన్యాడు. ‘ఆనందం కొడుకును పంపండిరా, వాళ్లకు అలవాటైన పనే గదా’ అన్యాడు” అన్నాడు.

ఆ చివరి మాట ఉరుకుందు దాచుకొని ఉండవచ్చు. దాచుకోలేదు, ఎందుకంటే అందులో తప్పేముందో అతనికి తెలియలేదు.

జీవిత గుమ్మంలోకి వచ్చింది. “నువ్వు పోవాకు. ఆ ఇంట్లో అంతమంది మొగోళ్లుండారు, వాళ్లకు కాళ్లు ల్యావా?” అంది.

వసంతకుమార్ జవాబు చెప్పేలోపే ఫోను మోగింది. సుప్రజ.

“వసంతన్నా, అత్త పాయన్నా,” అంది. ఏడుపు మింగుకొని మాట్లాడుతోంది. “ఈ పొద్దు గుట్ట అవతల దాకా పోతానన్యాడు. మధ్యాన్నం లోపల ఎత్తల్లని పెద్దోళ్లు అంటాండారు. ఆ దారి నీకు తప్ప ఇంకెవురికీ తెలీదు. ఎవురో దారిన పోయేటోళ్ల నోట ఆయప్ప ఈ మాట ఇనకూడదన్నా. నువ్వు సెప్పు.”

కబురు ఒకటే. మామ పంపిన తీరు ఒకటి, కోడలు అడిగిన తీరు ఇంకొకటి. వసంతకుమార్ తడికాళ్లతో వాకిట్లో నిలబడిపోయాడు. పోతే తాత పోయిన దారిలో, తండ్రి పోయిన దారిలో తనూ పోయినట్టే. ఇక ఏ పెద్ద ఇంట్లో ఏమైనా ఈ గుమ్మం ముందుకే వస్తారు. ప్రవీణ్ పక్కన మళ్లీ ఉరికినా పాతలా ఉండదు, ఇద్దరి నడుమ వెట్టి వచ్చి నిలబడుతుంది. పోకపోతే? ఆ మనిషి నవ్వుకుంటూ తిరిగి వస్తూ మేడ ముందు డప్పు వింటాడు. ఇన్ని నెలలు పక్కన ఉరికి, ఆ ఒక్క పూట పక్కన లేకపోతే దాన్ని స్నేహం అని ఎట్లా అనుకోవడం?

లోపల మంచం చప్పుడైంది. ఆనందం లేచి కూర్చున్నాడు. అంతా విన్నాడు.

“నాయనా, నీకు ఒట్టేసినా,” అన్నాడు వసంతకుమార్.

“ఎవురికోసరం పోతావు? ఆ ఇంటికోసరమా, ఆ పిల్లోడికోసరమా?”

“పిల్లోడికోసరం.”

“అయితే పో.” ముసలాయన చెయ్యి ఊపి దగ్గరికి పిలిచాడు. గొంతు తగ్గించాడు. “పాయిందని మాత్రం సెప్పాకు. మేము ఎప్పుడూ సెప్పల్యా. ‘బాగలేదంట, రమ్మన్యారు’ అను, అంతే. సావు మాట ఇంటే మనిషి ఆడనే పడిపోతాడు, కదల్డు. ఆశ ఉంటేనే ఉరుకుతాడు. ఇల్లు కనబడినాక డప్పే సెప్తాది.”

వసంతకుమార్ బూట్లు తొడుక్కున్నాడు. ఈసారి పేటలో ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ తెలిసిపోయింది. గంగక్క చీపురు పట్టుకొని పక్కకు తప్పుకొని దారి ఇచ్చింది. అది అతనికి చెంపదెబ్బ కంటే ఎక్కువగా తగిలింది.

రాత్రంతా నిద్ర లేని కాళ్లు మొదట్లో మొరాయించాయి. బండల గుట్టలు ఎక్కి దిగాక దారికి వచ్చాయి. గుంతల మీద మంచు ఇంకా విడలేదు. ఒక పక్క తిరుపతమ్మ ముఖం కళ్లముందు కనబడుతోంది, ఇంకో పక్క చెప్పాల్సిన మాట నోట్లో తిరుగుతోంది. బాగలేదంట, రమ్మన్యారు. బాగలేదంట, రమ్మన్యారు. అడుగుకు ఆ మాట సరిగ్గా సరిపోయింది. ఇట్లాగే తన తండ్రి కూడా ఎన్ని దారుల్లో ఉరికి ఉంటాడో.

పెద్ద గని దాటాక ప్రవీణ్ ఎదురొచ్చాడు. తిరుగుదారిలో ఉన్నాడు. ఒంటి నిండా తెల్లటి దుమ్ము, ముఖం నిండా నవ్వు. దూరం నుంచే రెండు చేతులూ ఎత్తాడు.

“గుట్ట దాటొస్తినన్నా! ఇంత దూరం ఎప్పుడూ ఉరకల్యా! పందెం మనదే అనుకో!” దగ్గరికి వచ్చాక, “రాత్రి డ్యూటీ అంటివే, నిద్ర పట్టల్యానా?” అన్నాడు.

“అమ్మకు బాగలేదంట. రమ్మన్యారు,” అన్నాడు వసంతకుమార్. ఆ గొంతు తనది కాదు, తండ్రిది.

ప్రవీణ్ నవ్వు ఆరిపోయింది. “ఏమైంది?”

“తెలీదు. బాగలేదంట.”

అంతే, ప్రవీణ్ ఉరికాడు. తెల్లవారుజాము నుంచి ఉరుకుతున్న కాళ్లు, ఒంట్లో మిగిలింది పెద్దగా ఏమీ లేదు, అయినా ముందెన్నడూ లేనంత వేగంగా ఉరికాడు. వసంతకుమార్ వెనక ఉరికాడు. చలికాలమంతా పక్కపక్కనే ఉరికిన ఇద్దరిలో ఇప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక. పక్కకు చేరడానికి వసంతకుమార్‌కు ధైర్యం చాలలేదు. పక్కకు పోతే ప్రవీణ్ తన ముఖం చూస్తాడు.

“మాట్లాడుతాందా?” ప్రవీణ్ తిరిగి చూడకుండానే అడిగాడు.

“ఆఁ.”

“కర్నూలుకు తీసకపోతాండారా?”

“కారు పిలిపించినారు.”

ఒక అబద్ధం చెప్పి ఊరుకుందామంటే కుదరలేదు. అది ఇంకోదాన్ని అడిగింది, అది మరోదాన్ని. అడిగిన ప్రతిసారీ ప్రవీణ్ వేగం పెంచాడు.

“రాత్రి అరిసినానన్నా. మాత్ర ఏసుకోల్యా అని శానా మాటలన్యా. పోతానే కాళ్లు పట్టుకుంటా. వస్తాండామ్మా, వచ్చేస్తాండా.”

బండముక్క మీద కాలు జారి పడ్డాడు. మోకాలు చీరుకుపోయి రక్తం కారింది. దాన్ని చూసుకోకుండానే లేచి మళ్లీ ఉరికాడు. దారి పొడుగునా తల్లితో మాట్లాడుతూనే ఉన్నాడు. వెనక నుంచి ఆ మాటలు వింటూ, ఆ వీపును చూస్తూ ఉరకడం వసంతకుమార్ వల్ల కాలేదు. ఆ ఆశ తను పెట్టిందే. ఎంత గట్టిగా ఉరికితే అంత గట్టిగా పోయి ఆ మేడ మెట్లకు కొట్టుకుంటాడు. చూస్తూ చూస్తూ ఒక మనిషిని అట్లా తోలుకుపోవడం పాపం అనిపించింది. చెప్పకుండా మేడ దాకా పోతే తను కబురు మోసినవాడే అవుతాడు. ప్రవీణ్‌కు ఇంకేమీ కాడు.

“ప్రవీణూ! నిలబడు!”

“యాల?”

“నిలబడు సామీ.”

ప్రవీణ్ ఆగి తిరిగాడు. వసంతకుమార్ దగ్గరికి పోయి రెండు భుజాలూ పట్టుకున్నాడు.

“అమ్మ ల్యా. నువ్వు బయలెల్లిన కాసేపటికే పాయ. నేను బయలెల్లేటప్పటికే ల్యా. నీకు అబద్ధం సెప్పినా.”

“మాట్లాడుతాందంటివే!” ప్రవీణ్ అతని రొమ్ము మీద గుద్దాడు. “కారు పిలిపించినారంటివే!” మళ్లీ గుద్దాడు. వసంతకుమార్ చేతులు వదల్లేదు. మూడోసారి ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది, ఆనందం చెప్పినట్టే ప్రవీణ్ కాళ్లు పడిపోయాయి. పడుతున్న మనిషిని వసంతకుమార్ పట్టుకున్నాడు. పట్టుకొని అతనితో పాటే బండల మీద కూలబడ్డాడు. తల ఒళ్లోకి తీసుకున్నాడు. చుట్టూ ఇల్లు లేదు, గడప లేదు, దూరంగా నిలబడమనేవాళ్లు లేరు. ఇద్దరూ గొంతు విప్పి ఏడ్చారు.

ఎంతసేపటికో ప్రవీణ్ లేచాడు. ఇక ఉరకలేదు. వసంతకుమార్ మెడ మీద చెయ్యి వేసుకొని నడిచాడు. కొంత దూరం పోయాక, “ఏమన్నా అడిగిందా?” అన్నాడు.

“నీళ్లు అడిగిందంట. సుప్రజమ్మ తెచ్చేలోపల పాయిందంట.”

ఇది నిజం. ప్రవీణ్ తల ఊపాడు. దారంతా ఇంకేమీ అడగలేదు.

మేడ ముందు జనం నిండిపోయి ఉన్నారు. డప్పులు మోగుతున్నాయి. వాళ్లు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. సుబ్బయ్య అరుగు మీద కుర్చీలో కూర్చొని ఉన్నాడు. భార్య పోయిన దుఃఖం ఉంది, దానితోపాటు పెద్దరికమూ ఉంది. వసంతకుమార్‌ను చూసి, “ఇంతసేపేందిరా? మీ నాయన ఎప్పుడూ ఇంత ఆలస్యం చెయ్యల్యా” అన్నాడు.

ప్రవీణ్ వసంతకుమార్ మెడ మీది చెయ్యి తియ్యలేదు. ఆ చెయ్యి అట్లాగే ఉండగా ఇద్దరూ మెట్లెక్కి లోపల పడుకోబెట్టిన తిరుపతమ్మ దగ్గరికి పోయారు. సుప్రజ పక్కకు జరిగి ఇద్దరికీ చోటిచ్చింది.

పన్నెండో రోజు తెల్లవారుజామున, గుండు చేయించుకున్న ప్రవీణ్ నడుచుకుంటూ పేటలోకి వచ్చి వసంతకుమార్ తలుపు కొట్టాడు. “పోదామా అన్నా?” అన్నాడు. పోయారు, పక్కపక్కనే. ఫిబ్రవరిలో పందెమూ పూర్తి చేశారు, షామియానాలు విప్పుతున్న వేళకు. ఇదంతా తర్వాతి సంగతి.

తిరుపతమ్మను మట్టి చేసిన ఆ సాయంత్రం వసంతకుమార్ ఇంటికి వచ్చి, స్నానం చేసి, తండ్రి మంచం పక్కన కింద కూర్చున్నాడు. ముసలాయన పొద్దుటి నుంచీ అన్నం ముట్టలేదని జీవిత చెప్పింది.

“బాగలేదనే సెప్పినావా?” అని అడిగాడు ఆనందం.

“ముందు అట్లనే సెప్పినా నాయనా. సగం దారిలో నిలబెట్టి, పాయిందని సెప్పినా.”

“పడిపాయనా?”

“పడిపాయ.”

“మల్లా?”

“పట్టుకున్యా.”

“పట్టుకున్యావా,” అన్నాడు ముసలాయన. “మేము పట్టుకునేకి ల్యా. ఆ ఇండ్లోళ్లను మేము అంటుకోకూడదు గదా. దారి నడుమ పడితే లేపేది ఎవురు? అందుకే పడకుండా అబద్ధం సెప్పేటోళ్లం.”

వసంతకుమార్ తండ్రి పాదం మీద చెయ్యి వేశాడు. ఆనందం పైకప్పు వైపు చూస్తూ మాట్లాడాడు.

“నీతో ఒట్టు ఏయించుకున్యింది పేడనీళ్లకోసరం అనుకుంటాండావు నువ్వు. కాదురా. గుట్ట అవతల ఒక ఊళ్లో కొత్తగా పెండ్లైన పిల్ల ఉండె. వాళ్ల నాయన పాయింటే కబురు తీసకపోతి. బాగలేదంట అంటి. ఏమన్నా తింటాండాడా అని అడిగె. నా నోటికేమొచ్చెనో, పండ్లు తింటాండాడమ్మా అంటి. పెరట్లోకి పోయి ఒక దానిమ్మపండు తెంపుకోని, కొంగులో పెట్టుకోని నా ఎనకాల ఉరికొచ్చె. దారి పొడుగునా ఆ పండు నలగకుండా పట్టుకోని వచ్చె. నేను ముందర ఉరుకుతాండా. ఒక్కసారి గూడా ఎనక్కి తిరిగి సూడల్యా.”

వసంతకుమార్ అడిగాడు.

“ఆ పండు ఏమైంది నాయనా?”

“తెలీదు. డప్పు ఇనబడినాక ఆ పిల్ల నన్ను దాటుకోని లోపలికి పాయ. నేను బయటనే నిలబడితి.”